బొర్ల పండి లేసుడు

ఆ షెడ్డు గురించి మా కాలనీలో ఏదో ఒక మాట అననివాళ్ళు లేరు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్ళే దారిలో, ఒకప్పుడు కోళ్ళ దాణా నిల్వ చేసిన రేకుల షెడ్డు అది. ఇప్పుడు అందులో రోజూ పొద్దున్నే పదిహేను, ఇరవై మంది కలిసి బరువులెత్తుతారు, గెంతుతారు, నేల మీద పడి లేస్తారు. దానికో ఇంగ్లీషు పేరుంది గానీ ఎవరికీ నోరు తిరగక అందరూ షెడ్డు అనే అంటారు. అక్కడికి పోతే మోకాళ్ళు అరిగిపోతాయన్నారు. ఆడవాళ్ళకు పహిల్వాన్ల భుజాలు వస్తాయన్నారు. అన్నం మానేయమంటారట, పచ్చి గుడ్లు తాగిస్తారట. ఎదురింటావిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "గర్భసంచి జారుతదంట టీచరమ్మా, ఎందుకా లొల్లి" అంది. వీళ్ళలో ఒక్కరూ ఆ షెడ్డు గడప తొక్కినవాళ్ళు కారు. గడప తొక్కకుండానే ఇంత తెలుసుకోవడం మా కాలనీకే చెల్లింది.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ముందు కాస్త సన్నబడి, అప్పుడు వెళ్దామని రెండేళ్ళు వాయిదా వేశాను. నేను బడిలో లెక్కలు చెప్తాను. పగలంతా నిలబడి, సాయంత్రం కూర్చుని నోట్సులు దిద్ది, నడుము పట్టేసి, మందుబిళ్ళలతో ఇక లాభం లేదని తేలాక ఒక పొద్దున ధైర్యం చేశాను.

కండలు తిరిగిన మొగమనిషి ఈల పట్టుకుని నిలబడి ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే నేర్పేది సూరారం అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. తండ్రి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆమె మాట ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, కోపమొస్తే రెండూ. ఆ రోజు చేయాల్సినవన్నీ బోర్డు మీద రాసి, నా వైపు తిరిగి, "మేడం, మీరు స్కేల్ చేస్కోండి" అంది.

స్కేలంటే నాకు తెలిసింది ఒక్కటే. అటునుంచటే బడికి పోదామని సంచీ కూడా తెచ్చుకున్నాను. అందులోంచి అడుగు స్కేలు తీసి ఆమె చేతికిచ్చాను. ఏదో కొలవాలి కాబోలు, బహుశా నా నడుమే, అనుకున్నాను. ఆమె స్కేలు వంకా నా వంకా చూసి, నవ్వు దాచుకోవడానికి నీళ్ళ సీసా ఎత్తింది. వెనక నిలబడ్డవాళ్ళు ఆ మర్యాద కూడా పాటించలేదు.

తర్వాత చెప్పింది. స్కేల్ చేయడమంటే ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళు ఆ పనిని మార్చుకోవడమట. పెట్టె మీదికి గెంతలేనివాళ్ళు అడుగేసి ఎక్కుతారు. నేల మీద దండీలు తీయలేనివాళ్ళు గోడకు చేతులానించి తీస్తారు. "పని అందర్ది ఒక్కటే మేడం. మెట్లే వేరే" అంది.

నాకది అవమానంగా తోచింది. తగ్గించి చేయమంటోందంటే అత్తెసరు మార్కులన్నమాటే కదా అని ఉడుక్కున్నాను. నెల తిరిగేసరికి అర్థమైంది. అక్కడ అందరికన్నా ఎక్కువ బరువెత్తే మనిషి కూడా, భుజం పట్టేసిన రోజున స్కేల్ చేస్తాడు. అందుకు ఎవరూ పెదవి విరవరు. ఇరవై ఏళ్ళుగా నేను తరగతిలో నలభై మంది పిల్లలకూ ఒకే లెక్క, ఒకే తీరుగా ఇచ్చి, రాని పిల్లల అరచేతుల మీద వాడింది కూడా స్కేలే. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

షెడ్డులో అన్నీ నచ్చాయని చెప్పను. ఆ పాటల మోత నాకిప్పటికీ తలనొప్పే. చెమట కారుతుండగా ఫొటోలు దిగే సరదా ఏమిటో కూడా తెలియదు. కానీ అక్కడ ఒక అలవాటుంది. ఆఖరి మనిషి ముగించేదాకా ఎవరూ సామాను సర్దరు, ఎవరూ ఇంటికి పోరు. చాలా రోజులు ఆ ఆఖరి మనిషిని నేనే.

ఇదంతా మా అత్తమ్మ సంగతి చెప్పడానికే మొదలుపెట్టాను.

ఆమెకు డెబ్బై దాటాయి. శామీర్‌పేట అవతలి ఊళ్ళో నలభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. మామయ్య పోయాక మాతోనే ఉంటోంది. నేను షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదికి, ఒక రోజు ఆమె బాత్రూంలో జారి పడింది. నేను బడిలో ఉన్నాను. ఇంట్లో మా ఆయన ఒక్కడే ఉన్నాడు. కేక విని పరిగెత్తాడు. లోపల గడియ వేసి ఉంది. ఆమె లేవలేకపోయింది, తీయలేకపోయింది. ఆయన తలుపు బద్దలుకొట్టి తల్లిని ఎత్తుకొచ్చాడు. అప్పుడు ఆమె ఒంటి మీద నూలుపోగు లేదు.

ఎముక విరగలేదు, తుంటి కమిలిందంతే అన్నాడు డాక్టరు. వారంలోపే మా ఆయన కొత్త తలుపు పెట్టించాడు. దానికి లోపల గడియ మాత్రం పెట్టనివ్వలేదు. ఇంకోసారి పడితే ఎట్ల అన్నాడు. తప్పని ఎలా అంటాను? తలుపు వెనక పాత చీరతో తెర కట్టాను. అత్తమ్మ రోజూ చేసే స్నానం రెండు రోజులకోసారి అయింది. అది కూడా కొడుకు డ్యూటీకి వెళ్ళాకే. అన్నం దగ్గర కూర్చున్నా ఆయన ముఖం వైపు చూడటం మానేసింది. ఆయన ఏదైనా అడిగితే కంచంతో చెప్పేది జవాబు.

ఏమైందని నేను చాలాసార్లు అడిగాను. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు వొలుస్తూ తనే చెప్పింది. "కొడుకు జూసిండు బిడ్డా. కన్న కొడుకు. ఇగ గా గడె లేకపోతే నేను ఆడమనిషినే గాను."

నా దుఃఖం ఆగలేదు. ఆమె మాత్రం కాయలు వొలుస్తూనే ఉంది.

మా ఆయనకు చెప్పాను. ఆ తలుపు బద్దలుకొట్టిన క్షణం ఆయన్నీ వదల్లేదని నాకు తెలుసు. నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. "పడ్తె తనంతట తాను లేవాలె. లేస్తదని నాకు నమ్మకం గల్గాలె. గప్పుడు గడె పెడ్త" అన్నాడు.

అత్తమ్మను షెడ్డుకు తీసుకుపోతానన్నాను. "డెబ్బై ఏండ్ల మనిషిని సంపుతవా ఏంది" అన్నాడు. అందుకే ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాం. కాళ్ళలో కండ పట్టాలి, తెలిసినవాళ్ళ దగ్గర నెమ్మదిగా చేస్తే మంచిదే అన్నాడాయన. ఇక అత్తమ్మకు ఆమె పట్టుదల ఆమెకుంది. "నాట్లేసిన ఒల్లుకు కసరత్తేంది? గది పనిలేనోళ్ళకు." నిజానికి నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒళ్ళు వంచి బతికినవాళ్ళకు వేరే వ్యాయామం దేనికని. గడియ కోసం కొడుకు ఏమన్నాడో చెప్పాక గానీ అత్తమ్మ బయలుదేరలేదు. షెడ్డులో ఆ అమ్మాయి ఆమెను కుర్చీలోంచి లేపి, నడిపించి, మళ్ళీ కూర్చోబెట్టి చూసి, "వంగుడు మస్తు జేసినవ్ అమ్మా. లేసుడే మోకాళ్ళు మర్చిపోయినయ్. యాది జేద్దాం, జల్దీ ఏం లేదు" అంది.

బిగుతు బట్టలు లేకపోతే రానివ్వరన్న మాట కూడా ఆ రోజుతో ఉత్తదైపోయింది. అత్తమ్మ నాటుకు దిగినట్టే చీర గోచిపెట్టి వచ్చింది. మూలనున్న కెటిల్‌బెల్, అంటే పిడి ఉన్న ఇనుప గుండు, చూసి, ఇనుప చెంబు అనుకుని, అడ్డంగా ఉందని అవలీలగా ఎత్తి పక్కన పెట్టింది. నేను అప్పటికి ఏడాదిగా ఎత్తుతున్నదానికన్నా అది పెద్దది. అందరూ నన్నే చూశారు.

ఎత్తడం వచ్చు, మోయడం వచ్చు. రానిదల్లా కింద నుంచి లేవడం. చెక్కపెట్టె మీద నాలుగు రబ్బరు చాపలు వేసి, దాని మీద కూర్చుని, చేతులు ఎక్కడా ఆనించకుండా లేవమనేది ఆ అమ్మాయి. అవి అలవాటయ్యాక ఒక చాప తీసేసేది. కొన్ని వారాలకు ఇంకోటి. మూడో చాప తీశాక కుడి మోకాలు వాచింది. మా ఆయన "నేను జెప్పలె?" అన్నట్టు నా వైపు చూశాడు. లోపల నాకూ భయమే. పడిపోయేదాకా తోముతారని లోకమంతా అనుకునే ఆ షెడ్డులో, ఆ అమ్మాయి అత్తమ్మను రెండు వారాలు నిలబడనివ్వలేదు. కూర్చోబెట్టి చేతుల పనే చేయించింది. మూడో చాప మళ్ళీ వేసింది. "ఎనుకకు పోయినట్టు గాదు అమ్మా, ఒల్లు అడిగిందిచ్చినం" అంది.

అందరికన్నా ఆఖర్న ముగించేది ఇప్పుడు అత్తమ్మ. మిగతావాళ్ళు చుట్టూ నిలబడేవాళ్ళు. మొదట్లో ఆమెకది నచ్చలేదు. "నన్నెందుకు గట్ల సూస్తున్రు? నేనేమన్న తమాషానా?" అని అడిగేసింది. దుండిగల్ దగ్గర లారీ నడిపే ఆయనొకడు, చెమట తుడుచుకుంటూ, "నువ్ లేసేదాంక మాకు ఇంటికి పోబుద్ధి గాదమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు. తన వంతు అయ్యాక వాళ్ళందరికీ తనే "ఇగ పోన్రి" అని సెలవిచ్చేది.

వాళ్ళు బర్పీ అనేది ఒకటుంది. నిలబడ్డవాళ్ళు నేల మీద బోర్లా పడుకుని, మళ్ళీ లేచి గెంతాలి. దాన్ని తిట్టుకోని మనిషి షెడ్డులో లేడు. అత్తమ్మ ఒక రోజు దాన్ని చాలాసేపు చూసి, "గీ బొర్ల పండి లేసుడు నాకెప్పుడు నేర్పుతవ్?" అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వలేదు. మర్నాడు బోర్డు మీద బర్పీ అన్నచోట తెలుగులో 'బొర్ల పండి లేసుడు' అని రాసింది. ఇప్పటికీ అక్కడ అదే పేరు.

గెంతడం లేదు గానీ మిగతాదంతా ఆమెకు ముక్కలు ముక్కలుగా నేర్పింది. పక్కకు ఒత్తిగిల్లడం. మోచేయి ఆనించడం. మోకాళ్ళ మీదికి రావడం. ఒక పాదం ముందుకు వేయడం. ఆ ముందు పాదం మీద బరువు వేసి లేవడం. ఎండాకాలంలో మొదలుపెట్టింది, బతుకమ్మ పండుగ దాటాక మొదటిసారి నేల మీంచి తనంతట తనే లేచింది. నేనెంత ఓర్పుగల టీచర్నని ఇన్నాళ్ళూ అనుకున్నానో, ఆ అమ్మాయిని చూశాక ఆ మాట అనుకోవడం మానేశాను. అత్తమ్మ పట్టుదలకైతే నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను.

ఇంట్లో మాత్రం చెప్పొద్దంది. ఇంకో నెల రోజులు సాధన చేసింది. ఒక ఆదివారం మా ఆయన హాల్లో టీవీ చూస్తుంటే వచ్చి, టీవీ వైపే చూస్తూ, "ఓసారి రా కొడుకా" అని బాత్రూం దాకా పిలుచుకుపోయింది. తలుపు బార్లా తెరిచింది. గోచిపెట్టిన చీరతోనే లోపలికి వెళ్ళి, ఆ రోజు పడ్డచోటనే, ఆ గచ్చు మీదనే, మెల్లగా పడుకుంది.

"అమ్మా, వద్దు" అని ఆయన అడుగు ముందుకేశాడు.

"గాడనే ఉండు" అంది.

ఆయన ఆగిపోయాడు. ఆమె ఒత్తిగిల్లింది. మోచేయి, మోకాళ్ళు, ఒక పాదం. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది. నేనెన్నడూ ఎవరి పరీక్షకూ అంత భయపడలేదు. ఆమె బకెట్టు పట్టుకోలేదు, నల్లా పట్టుకోలేదు. లేచి నిటారుగా నిలబడింది. ఒక పక్కంతా చీర తడిసిపోయింది.

"సాల్తదా?" అని అడిగింది.

ఆయన వెళ్ళి స్క్రూడ్రైవరూ, ఎప్పుడు కొని దాచాడో, కాగితం కూడా విప్పని కొత్త గడియా తెచ్చాడు. బిగిస్తుంటే రెండు స్క్రూలు కింద పడ్డాయి. అత్తమ్మ తువ్వాలు భుజాన వేసుకుని, అయ్యేదాకా గోడకు ఆనుకోకుండా నిలబడింది.

తర్వాత లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. ఆయన తలుపు బయటే ఉండిపోయాడు. నేను రమ్మన్నా రాలేదు. కాసేపటికి లోపల మగ్గు కిందపడిన చప్పుడైంది. ఆయన అరచేయి తలుపు మీద ఆనింది. తోస్తాడేమోనని నేను గబగబా దగ్గరికి వెళ్ళాను. ఆయన తోయలేదు, పిలవలేదు, అలాగే కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి మళ్ళీ నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ రోజు ఆమె చాలాసేపు స్నానం చేసింది. జుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, ఎదురుగా కొడుకును చూసి, తల దించుకోలేదు.

"గట్ల నిలబడ్డవేంది బిడ్డా" అంది, ఆయన ముఖంలోకి చూస్తూ. "కాళ్ళు గుంజుతయ్, పొయ్యి కూసో."