తూకం పళ్లెం మీద గంధం

ఈ ఉదయం పూజకు గంధం తీస్తుంటే కరోనా ఏడాది దసరా గుర్తొచ్చింది. నాన్న అబుదాబిలో ఒక షూటింగ్ క్లబ్బులో రైఫిల్ తూటాలు చేత్తో నింపేవాడు. బడి మానేసి అమ్మ దగ్గరే చదువుకుంటున్న నేను, ఆయుధపూజకు అమ్మానాన్నలతో ఆ క్లబ్బుకి వెళ్లాను. తూటాల్లో నింపే మందు తూచే త్రాసు పళ్లెం అడుగున అమ్మ గంధం బొట్టు పెట్టింది.

మర్నాటి నుంచి నాన్న నింపిన తూటాలు గురి తప్పి పైకీ కిందికీ తగలసాగాయి. "శుక్రవారం దాకా చూస్తా, ఆ తర్వాత ఈ పని నీకు ఖలాస్" అన్నాడు ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు.

నాన్న అదే రైఫిల్‌తో కంపెనీలో నింపి వచ్చిన తూటాలు పేల్చి చూశాడు. అన్నీ ఒకేచోట తగిలాయి.

"తుపాకి మంచిగనే ఉంది. నా తూకంలనే తేడా ఉంది" అంటూ పళ్లెం తిరగేశాడు. ఎత్తినప్పుడల్లా ఎండిన గంధం రాలి, పళ్లెం బరువు మారి, మందు కొలత తప్పుతోంది.

"తుడవకు నాన్నా, అమ్మవారికి ఇంకా కోపమొస్తది!" అని ఏడ్చాను. ఆమె అలిగే గురి తప్పిస్తోందని నా నమ్మకం.

"పిచ్చి బిడ్డా, శుభ్రంగ తుడుసుడు గూడ పూజనే. బొట్టు బల్లకు పెడదాం" అని గుడ్డ నా చేతికే ఇచ్చాడు. కళ్లు మూసుకుని తుడిచాను.

శుక్రవారం తూటాలన్నీ ఒకే గుంపుగా తగిలాయి. "యల్లా, ఇక కానియ్, పని చూసుకో" అన్నాడు ముదీర్.

బొట్టు చెరిగితే అలిగేంత చిన్నది కాదు అమ్మవారని అంత చిన్నప్పుడే నాకు తెలియజేసిన నాన్నకు, ఆమెతోపాటే రోజూ దండం పెట్టుకుంటాను.