గంటస్తంభం దగ్గర నేనెత్తిన చెయ్యి

మా వీధి క్లారినెట్టు మేస్టారు పోయారు. ఈ మాట నాకు విజయనగరం బస్టాండులో ఒక రిక్షా అతను చెప్పాడు. శ్రీకాకుళంలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లి, అక్కడ నాలుగు రోజులుండి, ఆ ఉద్యోగం నాకు రాదని రూఢిగా తెలుసుకుని అప్పుడే బస్సు దిగాను.

"ఏటి బాబూ, ఇప్పుడొస్తన్నావా? మీ మేస్టారిని నిన్ననే సాగనంపేసినారు. బేండోళ్లందరూ వచ్చినారు. క్లారినెట్టు వాయించే చోటు వచ్చినప్పుడల్లా ఆ చోటు ఒగ్గేసి, ఆగి, మళ్లీ వాయించినారు."

ప్రతి మాటకీ ఒక చమత్కారం తగిలించకపోతే అన్నం అరగని జాతి నాది. ఆ పూట మాత్రం రిక్షా ఎక్కకుండా సంచీ భుజాన వేసుకుని నడిచి ఇంటికి పోయాను.

పాఠక మహాశయులకు మనవి. చనిపోయినవారి గొప్పతనం రాసి, చివర్లో ఆ గొప్పతనంలో తనకూ కొంచెం వాటా ఉందని చెప్పుకోవడం లోకంలో ఉన్నదే. నా వాటా వేరే రకం. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మేస్టారు ముప్పై ఏళ్లు బేండు మేళంలో క్లారినెట్టు వాయించారు. నేను పి.యు.సి. తప్పిన ఏడాది నుంచీ నన్ను "ఒరే బీయే" అని పిలిచేవారు. "ముందే పిలుస్తన్నాను, తరవాత నువ్వే దాన్ని అందుకుంతావు" అనేవారు. అందుకున్నాను, రెండు దఫాల్లో. మేస్టారు కాఫీ తాగుతున్నా గ్లాసు మీద వేళ్లు ఆడుతూనే ఉండేవి. వీధిలో ఎవరింట్లో పెళ్లి మేళం మోగినా అరుగు మీద కూర్చుని, తాళం తప్పినవాడి వైపు మాత్రమే చూసేవారు. ఆ చూపుకి డోలు వాయించేవాడు చెమటలు తుడుచుకునేవాడు. బుగ్గలు పూరించి ఆయనలాగా ఊది చూపించడం కాలేజీలో నా ప్రసిద్ధ కళాప్రదర్శన. ఒకసారి ఆయన ఎదుటే పట్టుబడ్డాను. "బుగ్గలు సరే, ఊపిరేదిరా?" అని మాత్రం అడిగారు.

పై వరసలో ముందు పళ్లు రెండూ ఊడిపోవడంతో ఆయన క్లారినెట్టు ఆగిపోయింది. అది పళ్ల ఆనిక మీద నిలబడే వాయిద్యం. అయినా రోజూ పెట్టె తెరిచి, తుడిచి, మూసేవారు. చివరికొకనాడు నన్ను పిలిచి, "రేకు పిల్లంగోవికి పళ్లక్కర్లేదు. సంతలో పిల్లలకి కొనే రకం కాదు, మంచిది కావాల. అలాగని దొరలు వాయించేదీ కాదు, నా జేబుకి అందీది. నువ్వు నాతో రా" అన్నారు. అమ్మవారి పండగకి బేండు ముందు వరసలో ఇంకొక్కసారి నడవాలని ఆయన కోరిక. బేండు కుర్రాళ్లు రమ్మన్నారు కూడా.

"నేనెందుకండీ? నాకు సరిగమలు కూడా రావు."

"నా సెవులు డ్రమ్ముకిచ్చీసేనురా. ముప్పై ఏళ్లు దాని పక్కనే నిలబడ్డాను. సన్నటి సొరం నాకు తిన్నగా ఇనబడదు. ఈ పూటకి నీ సెవులు నాకియ్యి."

బజారులో వాయిద్యాల కొట్టు సావుకారు, మేస్టారు చెప్పిన ధరలో ఉన్న డజను పిల్లంగోవులు ముందు పెట్టాడు. అన్నీ ఒకే పెట్టెలోవి, ఒకే అచ్చు. "అన్నీ ఒకటే మేస్టారూ, ఏదైనా తీసుకోండి" అన్నాడు. మేస్టారు ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి లోపలికి చూశారు. "అతుకు తిన్నగా లేనిది ఊపిరిని దొంగిలిస్తాది" అంటూ నాలుగు పక్కన పెట్టేశారు. కన్నాల అంచుల మీద బొటనవేలు పెట్టి రాశారు. గరుకు తగిలిన రెండిటిని కూడా పక్కన పెట్టారు. మిగిలినవి ఆరు.

"ఇప్పుడు నువ్వు గంటస్తంభం దాకా ఎల్లి నిలబడు. ఊదినోడికి ప్రతీదీ బాగుంతాది. అవతలోడికి ఎలగుందో అదీ పాట. బాగుంటే సెయ్యెత్తు. బాగోపోతే తల గోక్కో. సావుకారు సూస్తే మనసు కష్టపెట్టుకుంతాడు, అంచేత గోక్కో."

నేను వెళ్లి నిలబడ్డాను. ఆ సాయంత్రం నాకు స్నేహితులతో సినిమా ఉంది. మొదటి ఆటకి టిక్కెట్లు తీసి ఉంచారు. ఒకటోది ఊదారు. కీచుమంది, గోక్కున్నాను. రెండోది, గోక్కున్నాను. మూడోది కూడా. పక్కన సోడాలమ్మే ఆవిడ, "ఏటి బాబూ, పేలా? కిరసనాయిలు రాయి" అంది. నాలుగోది ఊదుతున్నప్పుడు ఖాళీ ఇనప పీపాల బండి ఒకటి నా ముందునుంచి దడదడలాడుతూ పోయింది. నాకు ఒక్క ముక్క వినబడలేదు. కొట్టు మెట్టు మీద మేస్టారు కళ్లు చిట్లించి నా వైపే చూస్తున్నారు. మళ్లీ ఊదమని సైగ చెయ్యాలి. చేస్తే ఇంకా రెండున్నాయి. ఆట మొదలైపోతుంది.

నేను చెయ్యెత్తాను.

ఆయన మొహం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు. మిగతా రెండూ ఊదనే లేదు. "ఒరే బీయే, నీ సెవులు బంగారంరా" అన్నారు. ఆ రోజు చూసిన సినిమాలో నాకిప్పుడు ఒక్క సన్నివేశం కూడా గుర్తు లేదు.

పది రోజుల తరవాత బేండు షెడ్డులో సాధనకి వెళ్లారు. చప్పట్లు కొట్టడానికి నేనూ వెళ్లాను. పాట సగంలో ట్రంపెట్టు అతను ఆగి, ఎంతో మర్యాదగా, "మేస్టారూ, ఒక్క సొరం పైకి పోతంది" అన్నాడు. మళ్లీ వాయించారు. మళ్లీ అక్కడే. మేస్టారు పిల్లంగోవి పంచె అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నారు. "నా ఊపిరే అరిగిపోనాదిరా. మీరు కానియ్యండి" అని బయటికి నడిచారు.

అప్పుడు ఒక్క వాక్యం చెప్తే సరిపోయేది. పీపాల బండి వచ్చింది, నాకు వినబడలేదు, అని. నేనేం చేశానంటే, ఆయన వెనకే పరుగెత్తుకెళ్లి, "పైకి పోతే మంచిదే కదా మేస్టారూ, నా మార్కులు ఎప్పుడూ కిందకే పోతాయి" అన్నాను. ఆయన నవ్వారు, నన్ను బాధపెట్టకూడదని కాబోలు. ఆ ఏడు పండగలో బేండు ఆయన లేకుండానే నడిచింది.

అయినా పిల్లంగోవిని ఆయన వదిలిపెట్టలేదు. మేస్టారి భార్యని మా వీధంతా అప్ప అంటాం. అప్ప వంటింట్లో ఉంటే ఆయన వీధరుగు మీద కూర్చుని, మూడో కన్నం అంచున తేనెమైనం ఒత్తి ఊదేవారు.

"ఇప్పుడో?" అని కేకేసేవారు.

"ఇంకా పైకే ఉన్నాది!"

మరికొంచెం మైనం. "ఇప్పుడో?"

"ఇప్పుడు కిందకి పోనాది. ఓలమ్మో, నీ పాట కాదు గానీ పప్పు మాడతంది!"

అలా కొన్ని నెలలు గడిచాయి. ఎండకి మైనం జారిపోతుందని, మధ్యాహ్నం పూట పిల్లంగోవిని నీళ్ల కుండ కింద తడి ఇసుక మీద పడుకోబెట్టేవారు. సాయంత్రం మళ్లీ వేలితో ఒత్తి సరిచేసేవారు. ఆ కన్నానికి మైనమెందుకని నేను అమాయకంగా అడిగితే, "వాయిద్యం మంచిదేరా, నువ్వేరిందే కదా. నా ఏళ్లే సన్నబడిపోనాయి, కన్నం నిండటం లేదు" అన్నారు. వేళ్లు నాకు చూపించారు కూడా. అవేం సన్నబడలేదు.

కిందటి నెలకి స్వరం కుదిరింది. అప్ప వంటింట్లోంచి "బాగున్నాది" అని కేకేసిన రోజు నేనూ విన్నాను. ఈసారి నిజంగానే విన్నాను. "ఈ ఏడు పండక్కి ముందు వరసలో నేనుంతాను, నువ్వు గంటస్తంభం దగ్గరే నిలబడు" అన్నారు మేస్టారు. తప్పకుండా అన్నాను. పండగ రోజు అక్కడే ఆయనకి అంతా చెప్పేద్దామని, నవ్వించి మరీ చెప్దామని, వాక్యాలు కూడా తయారు చేసుకున్నాను.

బస్సు దిగిన రోజే వెళ్తే అప్ప గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నోరు తెరిచాను. ఆవిడ చెప్పనివ్వలేదు. "ఆస్పత్రిలో కూడా నీ మాటే. బీయేకి ఉద్యోగం వస్తాదా, వాడి సెవులు బంగారం అనీసి" అంది. లేచి లోపలికి వెళ్లి పిల్లంగోవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వేరిందే కదా నాయనా. నువ్వే ఉంచుకో."

చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను. అప్పకి చదువు రాదు. ఈ ముక్కలు ఎవరైనా ఆవిడకి చదివి వినిపించాలి. ఆ ఎవరైనా నేనే అయ్యుండాలి.

పండగ ఇంకా ఇరవై రోజులుంది. షెడ్డులో బేండువాళ్లు సాధన చేస్తున్నారు, ఇక్కడికి వినబడుతోంది. పిల్లంగోవి మా ఇంట్లో నీళ్ల కుండ కింద, తడి ఇసుక మీద ఉంది. మూడో కన్నం అంచున మైనం అలాగే ఉంది. వెలుగుకి పెట్టి చూస్తే దాని మీద ఆయన వేలి గీతలు సన్నగా, చుట్లు చుట్లుగా కనిపిస్తాయి. ఊదాలంటే ఆ కన్నం మీద నా వేలు పెట్టాలి. పెడితే ఆ గీతలు చెరిగిపోతాయి. రోజూ ఇసుక మీద కాసిని నీళ్లు చల్లుతున్నాను.