బావిలో ఎవరూ దిగరాదు

మా బడి గోదావరిఖని చివర, కార్మికుల క్వార్టర్ల వరసలు ఆగిపోయిన చోట ఉండేది. రేకుల కప్పు, రెండు గదులు, ఒక వరండా. సర్కారు ప్రాథమిక పాఠశాల అని తలుపు మీద సున్నంతో రాసి ఉండేది. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులన్నిటికీ పెద్దసారొక్కడే. రెండో సారు ఉన్నాడనే వినేవాళ్లం గాని, ఆయన ఎప్పుడూ సెలవులోనే ఉండేవాడు. పెద్దసారు ఒక తరగతికి ఎక్కాలు, ఒక తరగతికి పద్యాలు, ఒక తరగతికి గుణింతాలు పురమాయించి, అందరి చేతా ఒకేసారి అరిపించేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లకు అదేదో మహా విద్యాలయంలా వినిపించేది. లోపల కూర్చున్న మాకు మా గొంతు మాకే వినపడేది కాదు.

ఆయనది ఎక్కడో కాలువలు పారే జిల్లా. తెల్లటి పంచె కట్టుకొని వచ్చేవాడు, సాయంత్రానికి అది బూడిద రంగుకు తిరిగేది. దాన్ని చూసుకున్నప్పుడల్లా మా వైపు గుర్రుగా చూసేవాడు, ఆ దుమ్మును మేమే ఊదినట్టు. ఆయన పాఠాల మధ్య ప్రార్థనలాగా వచ్చే మాట ఒకటే: "ఈ మసి ఊరి నుంచి నాకు ఎప్పుడు విముక్తి!" బడిని ఆనుకునే వాళ్ల ఇల్లు. ఆయన భార్య నల్లా దగ్గర బిందె పెట్టుకొని వంతు కోసం నిలబడి, "ఏం ఊరో, ఊరంతా వెతికినా ఒక్క నుయ్యి లేదు" అని అందరికీ చెప్పుకునేది. నుయ్యి అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. మా ఆడవాళ్లు అది ఏదో తినే వస్తువనుకొని ఆమె మీద జాలిపడేవాళ్లు.

ఆయన మాటలకూ మా మాటలకూ పొత్తు కుదరకపోవడం అదే మొదలు కాదు. ఒకసారి నల్లబల్లకు కొత్తగా నలుపు పట్టించాలని, "రేపు అందరూ తలా కాస్త బొగ్గు, దొండాకు తీసుకురండి" అన్నాడు. ఆయన ఉద్దేశం పొయ్యిలో మిగిలే కట్టెబొగ్గు. మా ఇళ్లల్లో కట్టెపొయ్యి ఎక్కడిది? మాకు బొగ్గంటే గనిలోది. మరునాడు వరండాలో చిన్న కుప్పే పోశాం. ఆయన చూసుకోకుండా అదే దంచించి, ఆకు రసంతో కలిపించి పూయించాడు. ఆ నలుపులో రాతిముక్కలు ఉండిపోయి, సుద్దముక్క పెట్టి గీస్తే బల్ల కీచుమని అరిచేది. ఏడాది పొడుగునా మా చదువు ఆ కీచుశబ్దంతోనే సాగింది. తప్పు మాత్రం మాదే అన్నాడు.

నేను అప్పుడు నాలుగో తరగతి. అరవైల చివరి రోజులు. ఆ ఏడు తర్వాత నేను బడిలో ఉంటానా, ఇంట్లో ఉంటానా అన్నది ఒక్క మాట మీద ఆగి ఉంది. ఎండాకాలం సెలవులు అయిపోగానే మా అవ్వ, అదే మా అమ్మ, తేల్చి చెప్పింది: "ఈ ఏడు పాసైతె అయిదుకు పో. తప్పితె మాత్రం ఇంట్లుండి తమ్మున్ని ఎత్తుకో. నాకొక్కదానికి చాతనైతలేదు." మా నాయిన గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. ఆయన ఏ మాటకూ ఎదురు చెప్పేవాడు కాదు. "మీ అవ్వ జెప్పినట్టు ఇను" అనడమే ఆయన తీర్పు. నాకైతే బడి తప్ప ఇంకేదీ పట్టేది కాదు. బడి గొప్పదని కాదు, పుస్తకాలు అక్కడ ఉన్నాయని. అవి కూడా ఒక ఇనుప పెట్టెలో, తాళం వేసి, సారు కూర్చునే కుర్చీ కింద.

అట్లా ఉండగా తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. పెద్దసారు ముఖం వెలిగిపోయింది. బదిలీకి ఆ అధికారి ఒక మంచి మాట రాస్తే చాలట. ఆ రోజు నుంచి మిగతా పాఠాలన్నీ మూలపడ్డాయి. నాలుగో తరగతి వాచకంలో 'బావి' అని ఒక పాఠం ఉంది. దాన్నే చూపించాలని నిర్ణయించాడు. బల్ల మీద గుండ్రంగా ఒక ఒర, దాని మీద గిలక, తాడు, చేద గీశాడు. బల్ల కీచుమంది. ప్రశ్నలు రాసి, ఒక్కో ప్రశ్నకు ఒక్కొక్కరిని నియమించాడు. "బావి యందు ఏమి ఉండును?" అంటే ఒకడు లేచి "నీరు ఉండును" అనాలి. "బావి నీరు దేనికి ఉపయోగపడును?" అంటే ఇంకొకామె లేచి "త్రాగుటకు, స్నానమునకు" అనాలి. నాది ఆఖరి ప్రశ్న: "బావి వద్ద పిల్లలు ఎట్లు మెలగవలెను?" "తొంగి చూడరాదు" అని నా జవాబు. ఎవరి జవాబు వాళ్లకు తప్ప ఇంకేదీ ఎవరికీ తెలియనక్కర్లేదు. దాన్నే ఆయన మాదిరి పాఠం అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దగ్గర గనిని గని అనేవాళ్లు ఎవరూ లేరు. బాయి అంటారు. బాయికి పోయిండు, బాయిల పని, బాయి దొర, బాయి బందు. పొద్దున లేచింది మొదలు మా చెవిన పడే మాట అది. బావి అని సారు గొంతు సాగదీసి పలికినప్పుడు, అది మా బాయినే పుస్తకం భాషలో అంటున్నాడని తరగతి మొత్తం అనుకుంది. గిలక బొమ్మ చూసి మాకు అనుమానం కూడా రాలేదు. గని మీద కూడా పెద్ద చక్రాలు తిరుగుతూ, తాడు మీద మనుషులను దించుతూ ఉంటాయి కదా. సారు బొమ్మ సరిగ్గా వేయలేకపోయాడని మాత్రం జాలిపడ్డాం.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కూర్చొని టీ తాగాడు. మొదటి రెండు జవాబులు విన్నాడు. మూడోది వినేసరికి ఆవులించాడు. "చాలు చాలు, పుస్తకాలు మూయండి" అని నా వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు చెప్పు పాపా. బావిలోకి ఎవరైనా దిగుతారా?"

అది ఎవరికీ నియమించిన ప్రశ్న కాదు. అయినా అంత తేలిక ప్రశ్న నన్ను ఎవరూ అంతవరకు అడగలేదు.

"దిగుతరు సార్."

"ఎవరు?"

"మా నాయిన."

"ఏం, చేద జారి పడిందా?"

"లేదు సార్. డ్యూటీ."

"డ్యూటీయా?"

"ఈ వారం రెండో షిఫ్టు సార్."

ఇక తరగతి ఆగలేదు. "మా నాయిన నైట్ షిఫ్టు సార్!" "మా కాక గూడ దిగుతడు!" "మా బావ మొన్ననే భర్తీ అయిండు సార్, ఇప్పటిదాంక ట్రైనింగే, వచ్చే వారం దిగుతడు!"

ఇన్‌స్పెక్టరు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒక్క బావిలో ఎంతమంది దిగుతారయ్యా?"

"మస్తుమంది సార్" అన్నాను. "లైన్లు కడుతరు."

"మరి నీళ్లు?"

"నీళ్లొస్తె మోటరు పెట్టి బయటికి కొడుతరు సార్. నీళ్లుంటె బాయి ఖరాబైతది."

ఆయన పెద్దసారు వైపు తిరిగి చూశాడు. పెద్దసారు 'ఇక్కడ బాయి అంటే గని సార్' అంటే సరిపోయేది. ఆ అధికారి నవ్వుకొని ఇంకో టీ తాగేవాడు. సారు అనలేదు. అంటే, ఇన్నేళ్లుగా ఈ పిల్లల మధ్య ఉండి ఆ ఒక్క మాట వీళ్లకు విడదీసి ఎందుకు చెప్పలేదని ఆ అధికారి అడుగుతాడు. అందుకని చేతులు నలుపుకుంటూ ఇట్లా అన్నాడు: "ఈ అమ్మాయికి కొంచెం బుద్ధి తక్కువ సార్. గని కార్మికుల పిల్లలు, ఏం చేస్తాం?"

గని అన్నాడు! ఆ మాట ఆయన నోట్లోనే ఉంది. దాన్ని నన్ను తిట్టడానికి తీశాడు గాని కాపాడటానికి తీయలేదు.

జీపు వెళ్లిపోగానే నా దగ్గరికి వచ్చి, "నువ్వు మళ్లీ నాలుగే. అయిదుకు పంపను" అన్నాడు.

ఇంటికి వెళ్లి చెప్పాను. అవ్వ తమ్ముణ్ణి నా చంకకు ఇస్తుందనుకున్నాను. మరునాడు పొద్దున బొగ్గుల సిగిడి మీది చాయ దించి, తమ్ముణ్ణి తనే చంకనేసుకొని, "నడువ్" అంది. నాయిన మంచం మీది నుంచి, "సారుతోని మనకెందుకే లొల్లి" అన్నాడు. "నువ్వు పండుకో" అంది.

పెద్దసారు అప్పుడే కుర్చీ దులుపుకుంటున్నాడు.

"ఏంది సారూ, నా బిడ్డకు బుద్ధి తక్కువ అన్నవట?"

"అది కాదమ్మా. బావిలో మనుషులు దిగుతారని అధికారి గారి ముందు చెప్పింది. బడి పరువు పోయింది."

"దిగుతలేరా మరి?"

"బావి అంటే నీళ్లుండేదమ్మా. మీరనేది గని."

"గట్లనా. అయితే అది ఏం జెప్పిందో నీకు ఎరుకే."

సారు కుర్చీని ఇంకోసారి దులిపాడు.

"ఎరుకైతె ఆయనకు జెప్పకపోతివి? నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"

దేనికీ జవాబు లేనప్పుడు అధికారం మీద కూర్చోవడం ఆయనకు అలవాటు. ఇవాళ మధ్యాహ్నం బడిలో పెట్టే ఉప్మా తిన్న తర్వాత బడి పిల్లలందరి ముందు నేను తప్పు దిద్దుకోవాలన్నాడు. 'బావిలో నీరు ఉండును. బావిలో ఎవరూ దిగరాదు' అని మూడుసార్లు గట్టిగా చెప్పాలి. చెబితే అయిదుకు పంపుతాడు. లేకుంటే లేదు.

అవ్వ నన్ను నల్లా పక్కకు తీసుకుపోయింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. "నాయిన దిగుతడు గదనే. నేను ఎట్లంటనే?"

"అను బిడ్డా. ఆయన బావి ఆయన మొకాన కొట్టు. మన బాయి ఏడికి పోతది? పొద్దుగాల లేస్తె అక్కడ్నే ఉంటది."

"నువ్వే గద బడి వద్దంటివి?"

"వద్దన్నది నేను. నీకు తెలివి లేదనెటందుకు ఆయనెవలు?"

మధ్యాహ్నం ఉప్మా అయ్యాక అందరినీ ఆవరణలో వరుసగా నిలబెట్టాడు. నన్ను వరండా మెట్టు మీద ఎక్కించాడు. మొదటిసారి చెప్పాను. "గట్టిగా" అన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాను. మూడోసారి "బావిలో ఎవరూ దిగరాదు!" అని అరుస్తుండగా రెండో షిఫ్టు సైరన్ కూసింది. కంచె అవతలి రోడ్డు మీద టోపీలు పెట్టుకొని, టిఫిన్లు పట్టుకొని మనుషులు గుంపులుగా పోతున్నారు. అందులో మా నాయిన.

"అగో!" అని మూడో తరగతి పిల్ల ఒకతె కేక వేసింది. "మీ నాయిన దిగనీకి పోతుండు!"

నాయిన ఆగి, కంచె మీదుగా నన్ను చూశాడు. "ఏందే బిడ్డా, నన్ను దిగొద్దంటున్నవా? మరి జీతం ఎవలిస్తరు, మీ సారిస్తడా?"

రోడ్డు మీది వాళ్లు నవ్వారు. ఆవరణలోని వాళ్లు నవ్వారు. "దిగరాదన్నా, దిగరాదు! ఇయ్యాల బందేనట!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. సారు "నిశ్శబ్దం!" అన్నాడు గాని ఆ సైరన్ ముందు ఆయన గొంతు ఏపాటిది? నేను మెట్టు దిగి వచ్చేశాను. అన్న మాట ప్రకారం అయిదుకు పంపాడు. ఆ విషయంలో నిజాయితీపరుడే. బహుశా నన్ను మళ్లీ ఏడాది పాటు తన ముందు కూర్చోబెట్టుకోవడం కంటే అదే మేలనుకున్నాడు. అయిదో తరగతి కూడా ఆయన ముందే కూర్చుంటుందని ఆ క్షణంలో మరిచిపోయి ఉంటాడు.

అయిదో తరగతిలో ఆయన నాకు నేర్పిందేమీ లేదు. కాకపోతే అయిదు చదివే వాళ్లకు ఒక చాకిరీ ఉండేది. బజారులోని గ్రంథాలయానికి వెళ్లి, ముందటి రోజు పేపరు అడిగి తేవాలి. అందులో ఆయన చూసేది బదిలీల వార్తలు మాత్రమే. ఆ పనికి నన్ను పెట్టాడు. ఆయన చేతి మీదుగా నాకు అందిన చదువు అదొక్కటే, అదీ ఆయనకు తెలియకుండా. గ్రంథాలయంలో పుస్తకాలకు తాళం లేదు. బల్ల మీద పెద్ద నిఘంటువు ఒకటి అట్ట ఊడిపోయి ఉండేది. నేను మొదట వెతికిన మాటలు మూడు. బాయి లేనే లేదు. బావి ఉంది, అది సంస్కృతంలోని 'వాపి' అరిగి అయిన మాటట. అంటే వాపి అనడానికి నోరు తిరగని వాళ్లెవరో బావి అన్నారు. బావి అనడానికి నోరు తిరగని మేము బాయి అన్నాం. వాళ్ల నోరు పుస్తకానికెక్కింది, మా నోరు బుద్ధితక్కువ అయింది. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఇంతే. ఇక మూడో మాట నుయ్యి. దాని పక్కన ఉన్న పొట్టి అక్షరానికి అర్థం ముందు పేజీల్లో వెతికితే దొరికింది: దేశ్యం. అచ్చమైన తెలుగు. మూడింటిలోనూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనిది ఆయన ఇంటి మాటే. దాన్ని భార్యకు వదిలేసి బడికి బావి తెచ్చాడు. మా మాటకే కాదు, తన మాటకు కూడా సిగ్గుపడ్డ మనిషి ఆయన.

ఆ రోజు పేపరు ఆలస్యంగా ఇచ్చాను.

"ఇంతసేపు ఏం చేస్తున్నావ్?"

"నిఘంటువు చూసిన సార్."

"నువ్వా? ఏ మాట చూశావ్?"

"నుయ్యి సార్."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నల్లా దగ్గర ఆయన భార్య వంతు కోసం ఎవరితోనో తగువులాడుతున్న గొంతు వినిపిస్తోంది. పేపరు తీసుకొని, రేపటి నుంచి ఇంకొకరు తెస్తారులే అన్నాడు.

మరునాడు ఇంకొకామె వెళ్లింది. నేను కూడా వెంట వెళ్లాను. పేపరు ఆమె తెచ్చింది. నేను అక్కడే కూర్చున్నాను.