పుష్పవతి వదిన స్థానభ్రంశం

మా పుష్పవతి వదినకి సైన్సు చెప్పడం కన్నా మా బళ్ళో నూరుమంది పిల్లల్ని కూర్చోబెట్టడం తేలిక. నా పేరు లేయా, ఫిజిక్స్ టీచర్ని, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ నూజివీడు పక్క తోటల్లో మామిడికాయలు సైజులవారీగా ఏరే మనిషి. ముప్పై రెండేళ్లకి ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. అన్నీ గట్టెక్కాయి గానీ సైన్సొక్కటీ రెండుసార్లు పోయింది. ఈసారైనా పాసైతేనే ఊళ్లో ఖాళీ అయిన అంగన్‌వాడీ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టగలదు.

"ఒకడు ముప్పై మీటర్లు తూర్పుకి, అక్కణ్ణించి నలభై మీటర్లు ఉత్తరానికి నడిచాడు. స్థానభ్రంశం ఎంత?"

"డెబ్బై."

"నడిచింది డెబ్బై వదినా. బయల్దేరిన చోటికి తిన్నగా ఎంత దూరం?"

"తిన్నగా ఎవడెళ్తాడు లేయా? మధ్యలో పాదుల్నిండా నీళ్లుంటాయి. నెత్తిన బుట్ట పెట్టుకుని నువ్వు నడిచి చూపించు."

నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూసేసి తోటలోకి లాక్కెళ్లాను. ఒక చెట్టు దగ్గర మొదలుపెట్టి మూడు చెట్లు తూర్పుకీ, నాలుగు చెట్లు ఉత్తరానికీ నడిపించాను. వెనక్కి తిరిగి మొదటి చెట్టు వైపు ఏటవాలుగా చూసింది. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది.

"ఐదు. ఇది మా నాన్న మూల తాడే కదే."

ఈ తోటకి గుంటలు తీయించింది వాళ్ల నాన్న సలోమోను గారేనట. సంతకం రాని మనిషి. తాడు రెండో కొస పట్టుకున్నది ఎనిమిదేళ్ల ఈవిడ. మూడు గజాలు అటు, నాలుగు ఇటు కొలిచి, ఏటవాలు తాడు సరిగ్గా ఐదొస్తేనే మూల కుదిరిందనేవాడట. రెండేళ్లుగా వర్గాలూ వర్గమూలాలూ గీకి చచ్చానే నేను! సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆరూ ఎనిమిదీ నడిచాం, పదొచ్చింది. తొమ్మిదీ పన్నెండూ పరిగెత్తాం. కాయలు దొంగిలిస్తున్నామనుకుని కాపలా కిషోర్ బాబు కర్ర పట్టుకుని మా వెంటపడ్డాడు.

పరీక్షలో అదే లెక్క అరవై మీటర్లు తూర్పుకీ, ఎనభై ఉత్తరానికీ అని ఇచ్చారు. "వంద మీటర్లు, ఈశాన్యం, కాస్త ఉత్తరం వైపుకి" అని రాసొచ్చింది. దిక్కు రాయమని నేను చెప్పడం మరిచిపోయాను. దిక్కు లేకుండా తోటలో ఎవరికీ దారి చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

రిజల్టు వచ్చిన రోజు ఫోను పట్టుకుని తోటకి పరిగెత్తాను.

"ముప్పై ఐదు, వదినా."

"ఎంతొస్తే పాసు?"

"ముప్పై ఐదే."

కాయల గుట్ట పక్కనే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా నవ్వు ఆపలేదు.

"ఆ లెక్క మార్కులు తీసేస్తే నేను పోయినట్టే లేయా. పాసైంది మా నాన్న."