లెరాయ్ చూసిన ఆట

క్లీవ్‌లాండ్‌లో ఉత్తరాలు పంచే లెరాయ్ శనివారం మంగలి షాపులో కూర్చున్నాడంటే ఊరి జట్ల మీద తీర్పులు మొదలవుతాయి. "బాస్కెట్‌బాల్ వాళ్లకి ఒళ్లు వంగదు. బేస్‌బాల్ వాళ్లకి గుండె ఉంది. ఆట మధ్యలో లేచి వెళ్లిపోయేవాడు అసలు అభిమానే కాదు" అంటూ మోకాలు చరుస్తాడు. మొన్న ఓడిపోతుందనుకున్న బేస్‌బాల్ జట్టు ఆఖర్లో గెలిచింది. చివరి దెబ్బకి బంతి గోడ దాటిన తీరు అతను చేతులూపుతూ వర్ణిస్తుండగా, స్టేడియంలో వేరుశనగలమ్మే ముసలి ఒపల్ లోపలికొచ్చింది. ఆ రోజు సగం ఆటకే గేటు దాటుతున్న అతనికి "జాగ్రత్తగా వెళ్లు నాయనా" అని చెప్పింది ఆవిడే. లెరాయ్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఆగావేం నాయనా? అమ్మకంలో పడి నేను చూళ్లేదు, చెప్పు" అంటూ ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

లెరాయ్ చెవులు వేడెక్కాయి. నేల మీది వెంట్రుకల కేసి చూస్తూ, "నేనూ చూళ్లేదమ్మా. ఇంటికి పోతూ బస్సులో రేడియోలో విన్నాను" అన్నాడు.