లంకకు కోత పడిన శ్రావణం

నాకు ఇరవై ఏళ్లప్పుడు, అక్కను పురిటికి తీసుకురమ్మని అమ్మ నన్ను గోదావరి వైపు పంపింది. మాది కడప దగ్గర మెట్ట ఊరు. శ్రావణంలో కూడా మబ్బు కనబడితే మురిసిపోయి, అది కురవకుండా వెళ్లిపోతే తిట్టుకునేవాళ్లం. బెజవాడ దాకా రైలు, అక్కడి నుంచి రోజుల తరబడి కాలువ పడవ. పడవ గూటి కింద కూర్చుని, వానలో తడుస్తూ ఊడ్పులు ఊడుస్తున్న ఆడవాళ్లను చూస్తూ, ఈ దేశం వాళ్లు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను.

అక్క ఉండేది ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గోదావరి మధ్యలోని ఒక లంకలో. బావగారు అక్కడి మిషను బడిలో ఉపాధ్యాయులు. అక్క ఆడపిల్లలకు చదువు, కుట్టుపని నేర్పేది. మా క్రైస్తవ మతంలో కలిసిన కూలి కుటుంబాలు కొన్ని, చేపలు పట్టేవాళ్ల ఇళ్లు కొన్ని. అంతే ఆ ఊరు.

రెండేళ్ల క్రితం అక్క తొలి కాన్పు ఆ లంకలోనే జరిగింది. గోదావరి పొంగి పడవలు ఆగిపోవడంతో మేమెవరం రాలేకపోయాం. పుట్టిన మగబిడ్డ తొమ్మిదో రోజున పోయాడు. అందుకే అమ్మ ఈసారి ఏడో నెలలోనే నన్ను పంపింది.

నేను వెళ్లిన రోజు సాయంత్రం అన్నం తింటుండగా ఎక్కడో ధబ్బుమని చప్పుడైంది. కింద నేల కొద్దిగా అదిరింది.

"ఏందక్కా అది?"

"గట్టు విరిగింది" అంది అక్క మజ్జిగ పోస్తూ.

బావగారు తల ఎత్తలేదు. అన్నం ముగించేలోగా ఆ చప్పుడు మళ్లీ రెండుసార్లు వినిపించింది.

పొద్దున్నే వెళ్లి చూశాను. నిలువెత్తు గట్టు. కింద ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ మన్నును తొలిచేస్తున్నాయి. నేను చూస్తుండగానే ఆముదపు చెట్టుతో సహా ఒక పెద్ద మట్టిపెళ్ల, జున్నుముక్క కోసినట్టుగా విడిపోయి, నిలువునా నీళ్లలోకి జారింది. చెట్టు ఒరగలేదు. నిలబడ్డట్టే మునిగిపోయింది. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను.

ఆ తర్వాత మూడు రోజులు వాన లేదు. ఎండ కూడా కాసింది. గోదావరి మాత్రం పెరుగుతూనే ఉంది. అది నాకు అర్థం కాలేదు. మా వైపు వాన ఆగితే వాగు తీస్తుంది. పక్కింట్లో చేపలమ్ముకునే ముసలమ్మను అడిగాను.

"ఇక్కడి వానని చూసి ఏం తెలుస్తుందండి బాబూ. పైన కొండల్లో కురిసిందంతా మన కాడికే వస్తుందండి. మా వోళ్లు ఒడ్డుకి ఎల్లిపోతన్నారు. అమ్మగార్ని మీరూ తీసుకెళ్లిపోండి. ఆలస్యం చెయ్యకండి."

ఆ మాట బావగారికి చెప్పాను.

"ఈ వారంలో బళ్ల ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. ఆడపిల్లల తరగతి మీ అక్కది. ఆవిడ లేకపోతే ఆ తరగతిని మూసేస్తారు. రెండు రోజులు ఆగు" అన్నారు.

చేపలవాళ్లు మర్నాడు కుండలూ, వలలూ, కోళ్లగంపలూ పడవల్లోకెత్తుకుని వెళ్లిపోయారు. ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆ వైపు ఇళ్లు తలుపుల్లేకుండా మిగిలాయి. తలుపులు కూడా పట్టుకుపోయారు.

ఇన్‌స్పెక్టరుగారు మూడో రోజున వచ్చారు. పిల్లలు చాపల మీద వరసగా కూర్చున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె పాఠం చదువుతుండగా గట్టు విరిగిన చప్పుడు చాలా దగ్గరగా వినబడింది. కప్పులోంచి దుమ్ము రాలింది. ఒక్క పిల్లా తల తిప్పలేదు. ఆ పిల్ల వేలు అక్షరం మీదే ఆగి ఉంది.

"ఏంటది మేష్టారూ?" అన్నారాయన.

"ఏమీ లేదండి. మన్ను జారిందండి."

ఆయన ఆ పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూశారు. అరగంటలో పరీక్ష ముగించి లేచారు. కొబ్బరినీళ్లు తాగలేదు. పడవ ఎక్కుతూ, "పిల్లలకి సెలవిచ్చెయ్యండి. ఇవాళే" అన్నారు.

బావగారు ఇంటికొచ్చి, మధ్యాహ్నమే బయల్దేరమన్నారు. అక్క గుమ్మంలో కూర్చుని ఉంది.

"నేను రాను" అంది.

నాకు కోపం వచ్చింది. అక్క నన్ను చెయ్యి పట్టుకుని లంక చివరికి తీసుకెళ్లింది. రోజూ పొద్దున్నే తాటాకు గొడుగు వేసుకుని అటే వెళ్లేది. ప్రార్థనకనుకునేవాణ్ణి. అక్కడ కలబంద కంచె మధ్య ఐదారు సమాధులున్నాయి. ఒక పక్క కంచె అప్పటికే గాలిలో వేలాడుతోంది. అంచుకు దగ్గరగా ఉన్న చిన్న మట్టిదిబ్బ మీద నత్తగుల్లలు పేర్చి ఉన్నాయి.

"నువ్వొచ్చిన రోజున అంచు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఇవాళ ఎనిమిది" అంది అక్క.

బావగారు మా వెనకే వచ్చారు. "బిడ్డ దేవుడి దగ్గరున్నాడు. ఇక్కడున్నది మట్టే కదా" అన్నారు నెమ్మదిగా.

"దేవుడి దగ్గరున్నాడని నాకూ తెలుసండి. గోదాట్లో మాత్రం ఉండనివ్వను."

ఆయన ఆమె ముఖం చూశారు. తర్వాత ఇంటికెళ్లి పార తెచ్చారు.

ఆయనా నేనూ తవ్వాం. ప్రతి దెబ్బకూ కాళ్ల కింద నేల బోలుగా మోగింది. రెండడుగుల్లోనే నీళ్లు ఊరాయి. పెట్టె బావగారు స్వయంగా చేసింది. బడికి పలకలు వచ్చిన దేవదారు పెట్టె. అడుగు చెక్క నానిపోయింది. ఆయన తన కోటు విప్పి, పెట్టెను తెరిచి చూడకుండానే అందులో చుట్టి రొమ్ముకు హత్తుకుని లేచారు.

రేవులో ఒక్క పడవే ఉంది. మిగిలిన వలల కోసం వచ్చిన పక్కింటి ముసలమ్మ కొడుకు అందులో ఉన్నాడు.

"అదేంటండి మేష్టారూ?"

"బిడ్డండి" అన్నాను నేను.

అతను తెడ్డు కింద పెట్టేశాడు. చేపల పడవలో శవాన్ని ఎక్కించరని నాకు తర్వాత తెలిసింది. చాలాసేపు అక్క వైపు చూశాడు. వంగి, దోసిలితో గోదావరి నీళ్లు తీసి పడవ ముక్కు మీద పోశాడు.

"ముందు అమ్మగార్ని ఎక్కించండి. మా అమ్మకి మాత్రం చెప్పకండి" అన్నాడు.

నడి ఏట్లో నీళ్లు ఒకటే హోరు. వేళ్లతో సహా కొట్టుకొస్తున్న ఒక మాను పడవకు చేతి దూరంలో దాటిపోయింది. నేను అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. అంత నీటిని నేను మళ్లీ ఎన్నడూ కోరుకోలేదు. పొద్దు వాలేలోగా రామచంద్రపురం వైపు ఒడ్డున, మావాళ్ల శ్మశానంలో ఆ పెట్టెను పూడ్చాం.

బావగారు ఒడ్డునే ఉండిపోయారు. నేను అక్కను ఇంటికి తీసుకెళ్లాను. దసరా వెళ్లిన వారానికి ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందే బావగారి ఉత్తరం వచ్చింది. మేము వచ్చేసిన రెండో నాడే లంకలోని శ్మశానం, ఆ వారంలోనే బడి, తర్వాత ఇళ్లు గోదాట్లో కలిసిపోయాయి. ఆడపిల్లల తరగతి పరీక్షలో నెగ్గిందని కూడా రాశారు. చదివే పిల్లలు ఏయే ఊళ్లకు చెదిరిపోయారో ఆయనకే తెలియదు.

మాఘంలో అక్కనూ పాపనూ బావగారి దగ్గర దిగబెట్టడానికి వెళ్లాను. గోదావరి తీసిపోయి, పలచటి నీళ్లు, ఇసుక మేటలు. లంక ఎక్కడుండేదో నాకు ఆనవాలు దొరకలేదు. అక్క చెయ్యి చాపి చూపించింది. బావగారు "కాదు, ఇంకా దిగువకి" అని వేరే చోటు చూపించారు. ఇద్దరూ కాసేపు వాదించుకుని ఊరుకున్నారు.