సాక్షిగా పోయి వడ్రంగిగా తేలాను

ఒక ఆడపిల్లకి ఈ ఊళ్లో మిగిలిన ఒక్కగానొక్క రోజును నేను ఎలా తగలేశానో చెప్తాను. మీరు నవ్వుకోండి. నాకు ఇప్పుడు నవ్వే ఓపిక లేదు గాని, మీకు అడ్డం రాను.

అప్పటికి నాకు డెబ్బై. ఇప్పటితో పోలిస్తే కుర్రతనమే. అయిదో క్లాసుతో బడికి ఎగనామం పెట్టి, పాత పుస్తకాలూ పొట్లాల కాగితాలూ చదివి పోగుచేసుకున్న చదువు నాది. రంగూన్లో ఏ వీధి పేరు ఎప్పుడు మారిందో నన్నే అడిగేవారు. అడక్కపోయినా చెప్పేవాణ్ణి. సర్టిఫికెట్టు లేదని నన్ను తీసిపారేసిన పెద్దమనుషుల మీద ఇప్పటికీ మంటే నాకు.

ఆ ఏడాది యూదుల పిల్లలు ఓ పదిమంది వచ్చారు, ఇరవైలు దాటినవాళ్లు. మనకి ఏం గుర్తుంది, మనమెవరం అనేది కలిసి చదువుకునే ఫెలోషిప్పట. ఒకప్పుడు వాళ్లవాళ్లు ఇక్కడ చాలామందే ఉండేవారు, యుద్ధమొచ్చి చెల్లాచెదురయ్యారు. ఆ జాడలు వెతకడానికి తోడుగా ఒక పాత మనిషి కావాలని, పిల్లల్ని తిప్పుతున్న బర్మా అమ్మాయి నా దగ్గరికొచ్చి "సయా" అని పిలిచింది. సయా అంటే గురువుగారు. ఇంక నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు.

నా వంతుకి లియా అనే పిల్ల వచ్చింది. వాళ్ల అమ్మమ్మ మా పేట పజుండౌంగ్‌లోనే పుట్టి, ఆరేళ్లప్పుడు ఓడెక్కి వెళ్లిపోయిందట. ఇప్పుడు మంచం దిగలేదు. పుట్టిన ఇంటి గుమ్మం ఫోటో ఒక్కటి చూపించమని మనవరాలిని అడిగింది. మర్నాడు పొద్దున్నే ఈ పిల్లకి విమానం.

లియా తన నోటుపుస్తకంలో పేజీని మూడు గళ్లు చేసుకుంది: చూసినది, విన్నది, ఊహించినది. మీరు చెప్పేది ఏ గడిలో రాయాలండీ అని ఇంగ్లీషులో మర్యాదగానే అడిగింది.

"మొదటి గడిలో రాయి తల్లీ," అన్నాను. వాళ్లు ఓడెక్కేనాటికి నేనింకా పుట్టలేదు.

తెలీదు అనే మూడక్షరాలు అప్పుడే అనుంటే, ఆ పిల్ల వాళ్ల గుడికి, అదే సినగాగుకి పోయి పాత పుస్తకాల్లో ఏ వీధో చూసుకునేది. నేనుండగా పుస్తకాలెందుకన్నాను. యూదులు గుమ్మం కుడివైపు చెక్కకి, దేవుడి మాట దాచిన చిన్న గొట్టాన్ని ఏటవాలుగా బిగిస్తారని ఎక్కడో చదివాను. గొట్టం పోయినా మచ్చ మిగులుతుందిగా అని నా తెలివి. మండుటెండలో సందు సందూ తిరిగి, దొంగతనానికి వచ్చినవాడిలా ప్రతి ఇంటి ద్వారబంధమూ తడిమాను.

మధ్యాహ్నం మూడు దాటాక దొరికింది. అదీ చిన్నప్పట్నించీ ఎరిగిన నరసమ్మప్ప గుమ్మానికి. అప్ప అంటే మా ఉత్తరాంధ్ర వాళ్లకి అక్క. వెయ్యిసార్లు టీ తాగిన ఇల్లే గాని, ద్వారబంధం కేసి ఎవరు చూస్తారు? వేలెడంత ఏటవాలు మచ్చ, రెండు చివర్లా రెండు మేకుల కన్నాలు.

"ఇదే," అన్నాను, జడ్జీ తీర్పు చదివినట్టు.

లియా మచ్చకి వేళ్లు ఆనించి, ఆ వేళ్లని ముద్దు పెట్టుకుంది. ఫోటో తీసి అప్పటికప్పుడే అమ్మమ్మకి పంపేసింది. నా కళ్లూ చెమర్చాయి. నా గొప్పతనానికి నేనే కరిగిపోయాను.

అలికిడికి అప్ప బయటికొచ్చింది. "ఏటిరా, ఆ పిల్ల మా గుమ్మానికి మొక్కుతాంది?"

సంగతి చెప్పాను. అప్ప కళ్లద్దాలు తెచ్చుకుని మచ్చని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నీ మతిమరుపు మండ. నా పెళ్లికి లైటు యేలాడదీడానికి ఆ సెక్క కొట్టింది నువ్వే కాదేటి? వంకరగా కొట్టీసినావని మా నాయిన నిన్ను సందు సివరదాకా తరిమినాడు. మరిసిపోనావా?"

ఆవిడ అనగానే అంతా గుర్తొచ్చింది, ఆ పరుగులో జారిపోయిన చెప్పుతో సహా.

లియా పెన్ను పట్టుకుని, ఆవిడ ఏమంటున్నారని అడిగింది. ఆ పిల్లకి తెలుగు రాదు. టీ తాగమంటోంది అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా.

"సెప్పీరా," అంది అప్ప, మెల్లగా. "మంచాన ఉన్న ముసల్దానికి అబద్దం పంపకు."

చెప్పాను. లియా అరుగు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తేనే నయమనిపించింది. సినగాగు అప్పటికే మూసేశారు.

అంతలో ఫోను మోగింది. అమ్మమ్మే. మాది మేడమీద ఇల్లు కదా, ఈ కింది గుమ్మం ఎవరు చూపించారని అడిగింది. లియా జరిగిందంతా చెప్పింది. అవతల సన్నగా దగ్గు మొదలైంది. ఆవిడ ప్రాణం కూడా నా ఖాతాలోకే వస్తుందని హడలిపోయాను. దగ్గు కాదు, నవ్వు.

నవ్వి నవ్వి ఆగాక ఆవిడ అన్న మాట లియా నాకు విడమరిచి చెప్పింది: "మా గుమ్మానికి మేకులు కొట్టినవాళ్లు ఎవరూ మిగల్లేదు. దీనికి కొట్టినవాడైనా ఉన్నాడు. ఈ ఫోటో నా దగ్గరే ఉంచుకుంటాను."

అసలు ఇల్లు దొరకలేదు. నేను తగలేసిన రోజు నాది కాదు, ఆ పిల్లది. వెళ్లేముందు మొదటి గడిలో రాసింది కొట్టేసి, పక్కన నాలుగో గడి గీసింది. ఏం రాశావమ్మా అంటే చదివి వినిపించింది: "సాక్షి స్వహస్తాలతో చేసినది."

కనక పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరేం అడిగినా, మా ఇంటిపేరు అడిగినా సరే, ముందు తెలీదంటాను. సయా అని పిలిస్తే వెనక్కి తిరగను. సుత్తి ముట్టను.

సుత్తి ముట్టనని ఆ పెళ్లిరోజే అప్ప వాళ్ల నాయిన నాచేత ప్రమాణం చేయించాడట. అదీ అప్పే గుర్తుచేసింది.